అక్క చెప్పిన చర్చి దారి

జూన్ 9

కోచింగ్‌లో మొదటి రోజు. నరసరావుపేటలో బట్టల కొట్టు మీది మేడ. ఫ్యాను తిరుగుతుంది, గాలి రాదు.

నర్సు ఉద్యోగానికి బయటి దేశం పోవాలంటే ఐఈఎల్‌టీఎస్ ఇంగ్లీషు పరీక్షలో, మాట్లాడే భాగానికి ఏడు రావాలి. పోయినసారి నాకు ఆరే వచ్చింది.

కిశోర్ సార్ కార్డు ఇచ్చారు — మీరు ఎవరికైనా సాయం చేసిన సందర్భం చెప్పండి. ఒక నిమిషం ఆలోచన, రెండు నిమిషాలు మాట. గురజాల నుంచి వచ్చే రమ లేచింది. ఇంగ్లీషులో తడుముకోకుండా చెబుతోంది... మా చెల్లి చిన్ని. తొమ్మిదేళ్లు. మిరప కల్లంలో తాలుకాయలు ఏరుతూ, ఆ కారం చేతులతోనే కళ్లు నులుముకుంది. చూపు పోయిందని ఏడ్చింది. నేను చెయ్యి పట్టుకుని ఇంటికి నడిపించాను. భయపడకుండా దారి చెబుతూ వచ్చాను — ఇదిగో చర్చి, ఇదిగో బోరింగు, ఇదిగో తాతయ్య గేదెలు...

గేదెలు అన్నచోట ఆగింది. చిన్నగా నవ్వింది. మళ్లీ అందుకుంది.

రమకు చెల్లెళ్లు లేరు. పొద్దున పరిచయాల్లో తనే చెప్పింది.

చిన్నిని నేను. నన్ను నడిపించింది మా అక్క సుజాత.

జూన్ 10

ఈరోజు ఎడ్లపాడు ఆయన చెప్పాడు. తర్వాత మాచర్ల అమ్మాయి. అదే చెల్లి, అదే కల్లం. గేదెల దగ్గర అదే నవ్వు. నా వంతు రాకముందే తలనొప్పని చెప్పి బయటికి వచ్చేశాను.

జూన్ 12

బస్టాండులో సోడా తాగుతూ రమే చెప్పింది.

"గ్రూపులో ఆడియో ఉంది గదా, ఇనలేదా నువ్వు? ఎవరో సుజాత అంట, సార్ పాత స్టూడెంటు. మాట్టాడేదాంట్లో ఏడున్నర కొట్టింది. అది బట్టీ పడితే చాలంట. నువ్వూ పట్టెయ్."

ఆమె ఇప్పుడు ఎక్కడుందని అడిగాను. ఎందుకడిగానో.

"ఐర్లాండులో ఉండుద్ది. ఏడున్నరొచ్చినాక ఇంకా ఈడేం పని?"

అంతేలే అన్నాను.

జూన్ 13

ఆడియో తెరవలేదు. తెరవలేను.

జూన్ 15, ఆదివారం

శావల్యాపురం. ప్రార్థన అయ్యాక అమ్మ వంట. నేను కల్లం వైపు వెళ్లొస్తానంటే గుమ్మంలోకి వచ్చి మరీ చెప్పింది — "అడ్డదారిన రాబాక. చర్చి దారినే రా." రెండేళ్లుగా అమ్మ ఆ అడ్డదారి తొక్కలేదు. నన్నూ తొక్కనివ్వదు.

స్కోరుకి రెండేళ్లే ఆయుష్షు. ఈ నెలతో అక్క స్కోరు గడువు కూడా అయిపోతుంది. కాగితం చేతికొచ్చిన నెలలోపే డెంగీ. మనిషి పోయాక కూడా కాగితం ఇన్నాళ్లు బతికింది.

"నువ్వన్నా దాటాలమ్మా," అంది అమ్మ, అన్నం వడ్డిస్తూ. దాటాలి. అక్క పోయిన వార్డులోనే నా డ్యూటీ. ఆ కిటికీ పక్క మంచం మీద ఎవరు పడుకున్నా సెలైన్ మార్చడానికి నేనే వెళ్లాలి. ప్రతిసారీ ముందు మొహం చూస్తాను, తర్వాతే చెయ్యి. వెళ్లిపోవాలి ఇక్కడి నుంచి. ఇంకేం అక్కర్లేదు నాకు.

జూన్ 18

రాత్రి విన్నాను.

అక్క గొంతు. వెనక మా వంటింట్లో గిన్నెల చప్పుడు. గేదెలు అనగానే మా కుక్కరు కూత వేసింది. అక్క ఆగింది, నవ్వు ఆపుకుంది, మళ్లీ అందుకుంది. అదీ సంగతి. ఆ కూతకు అక్క నవ్విన నవ్వును వీళ్లంతా బట్టీ పట్టారు. ఎక్కడి వాళ్లో, ముక్కూ మొహం తెలియని వాళ్లు, రోజూ లేచి నిలబడి మా అక్క నవ్వు నవ్వుతున్నారు.

పరీక్షలో వినే భాగం ఒక్కసారే వినిపిస్తారు, మళ్లీ అడిగినా పెట్టరు. ఇది ఎన్నిసార్లైనా పెట్టుకోవచ్చు. పెట్టుకున్నాను. తెల్లారి డ్యూటీకి ఎర్రకళ్లతో పోయాను, కండ్లకలక అన్నాను.

ఆడియోలో లేనిది ఒకటుంది. ఇక్కడ కూడా రాయను.

జూన్ 21

సార్ మొహం వాడిపోయి ఉంది. పోయిన బ్యాచ్‌లో చాలామందికి అయిదున్నర దాటలేదట. "బట్టీ కథ అని తెలిసిందంటే ఎగ్జామినర్ ప్రశ్న మార్చేస్తారు. ఇంక మనం బిత్తరచూపులు చూడటమే. ఒకే చెల్లి ఇంతమందికి ఉంటే వాళ్లకి తెలవదా?" అని తనమీద తనే విసుక్కున్నారు.

అందరూ మెట్లు దిగాక చెప్పాను. సార్, చిన్నిని నేనే. సుజాత మా అక్క.

సార్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

"పోయిందని తెలుసమ్మా. చెల్లెలు నువ్వని తెలవదు. ఇయ్యాలే తీసేస్తా ఆ ఆడియో." తర్వాత గొంతు తగ్గించి, "నువ్వు మాత్రం ఆ కథ చెప్పబాక. నిజంగా నీదే అయినా సరే... బట్టీ అనుకుంటారు. ఏడు రాదు. వేరేది చూసుకో."

నా కథ నేను చెప్తే కాపీ. మింగలేను, కక్కలేను.

జూన్ 22

గ్రూపులో ఆడియో లేదు. నా ఫోన్లో ఉంది.

జూన్ 26

అనిత అని ఒక స్నేహితురాలిని పుట్టించాను. నాకు సైకిల్ నేర్పింది. మోకాలు దోక్కుపోతే పసుపు పెట్టింది. సార్ విని, బాగుంది, ఏడొస్తుంది అన్నారు. అనితకు మొహం లేదు. ఎంత ప్రయత్నించినా రాలేదు.

జూన్ 30

రమ కొత్త కథ చెప్పింది. క్లాసులో ఎవరూ నవ్వలేదు. నేనే ఆ చోటు కోసం ఎదురుచూశాను. మొన్నటిదాకా వినలేక చచ్చాను, ఇవాళ వినపడక ఏడుపొస్తోంది.

జూలై 5

విజయవాడ. పరీక్ష అయింది.

వినడం, చదవడం, రాయడం బాగానే పోయాయి. మధ్యాహ్నం మాట్లాడేది. చిన్న గది, ఏసీ చలి, నెరిసిన జుట్టావిడ. కార్డు తిప్పాను. మీకు ఎవరైనా సాయం చేసిన సందర్భం.

అనిత అన్నాను. సైకిల్ అన్నాను. తర్వాత నోరు నా మాట వినలేదు. మా అక్క, అన్నాను. మిరప కల్లం, అన్నాను. ఆవిడ తల ఎత్తింది. చర్చి అనేసరికి పెన్ను పక్కన పెట్టింది. తెలిసిపోయింది. ఎన్నిసార్లు విని ఉంటుందో, ఎన్ని నోళ్లలో.

అప్పుడు చెప్పాను, ఆడియోలో లేనిది.

సగం దారిలో మంట తగ్గింది. కళ్లు తెరిచాను. చర్చి లేదు, బోరింగు లేదు. చుట్టూ సమాధులు. తొందరగా నీళ్ల దగ్గరకు చేర్చాలని అక్క నన్ను అడ్డదారిన, సమాధుల దొడ్డిలోంచి తీసుకెళ్తోంది. నాకు ఆ చోటంటే చచ్చేంత భయమని తెలుసు. అందుకని కాళ్లు ఆ దారిన, నోరు ఈ దారిన. ఇదిగో తాతయ్య గేదెలు, అంటోంది సమాధి రాయి పక్కన నడుస్తూ. అక్కకూ భయమే, నా చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకుంది. నేను మళ్లీ కళ్లు మూసుకున్నాను. చూశానని ఎప్పుడూ చెప్పలేదు.

ఆవిడ కార్డు వెనక్కి తీసుకుంది. మీ అక్క ఇప్పుడెక్కడ ఉంది, అని అడిగింది.

ఐర్లాండులో అందామనుకున్నాను. రమ అంత తేలిగ్గా అనేసింది కదా.

"అక్కడే," అన్నాను. "ఆ అడ్డదారిలో."

ఆ తర్వాత ప్రశ్నలు అడిగింది. ఏవో ముక్కలు చెప్పాను, కొన్నింటికి అదీ లేదు.

జూలై 8

రమ ఫోన్. సార్ చెప్పేశారట. "నేను నవ్వినప్పుడల్లా తల దించుకునేదానివి. నా ఇంగ్లీషుకేమో అనుకున్నా. ఏందమ్మా, ఒక్క మాట చెప్పకూడదా?" తర్వాత ఏడ్చింది. నేనే ఊరుకోబెట్టాను.

జూలై 13, ఆదివారం

రిజల్ట్ మెయిల్ పొద్దున్నే వచ్చింది. తెరవలేదు. అమ్మకు చెప్పలేదు.

సాయంత్రం కల్లానికి వెళ్లాను. ఇప్పుడక్కడ కాయ లేదు, ఉత్త నేల. తిరుగుదారిలో కాళ్లు ఆ అడ్డదారికే తిరిగాయి. అక్క కుడివైపు చివర. రాయి మీద పేరు అప్పుడే మాసింది. చేత్తో తుడిచాను. ఏడా, ఆరా... అక్కకు ముందు చూపించి తెరుద్దామని ఫోను తీశాను. వేలు ఆడలేదు.

కళ్లు మూసుకున్నాను. నాకెప్పుడూ అక్కే చెప్పింది. ఇవాళ నేను చెప్పాను, పైకే — ఇదిగో చర్చి. ఇదిగో బోరింగు. ఇదిగో తాతయ్య గేదెలు. అక్కడ ఆగాను. ఎవరూ నవ్వలేదు. ఉన్నట్టుండి చేతిలో ఫోను మోగింది. అమ్మ.

"ఏడున్నావే? చీకటి పడతంది."

"వస్తున్నానమ్మా," అన్నాను. "చర్చి దారినే."