ఏడో పుస్తకం చివరి పేజీ

అరవై ఎనిమిదేళ్లదాన్ని, కుర్రకారు కోసం ‘తాళాల పిల్ల’ అనే థ్రిల్లర్ పుస్తకాలు రాసినదాన్ని, తెలివి తిన్నగా ఉండగా, ఎవరి బలవంతమూ లేకుండా, నా చేతిరాతతో రాస్తున్న వీలునామా ఇది. రక్తపోటు ఎక్కువే గానీ మతి స్థిరంగానే ఉందని కింది అంతస్తు డాక్టరమ్మ సాక్షి. లోగడ రాసిన వీలునామాలు రద్దు. దీన్ని అమలు జరిపే బాధ్యత మా లాయరుగారిది.

1. ఈ ఫ్లాటు, అందులోని సామాను సర్వహక్కులతో నా కూతురికి చెందుతాయి. వంటింటి అలమర తలుపు కాస్త పైకెత్తి తోస్తేనే పడుతుంది. ఇన్నేళ్లు నోటితో చెప్పినా తలకెక్కలేదు కాబట్టి రాసి ఇస్తున్నాను.

2. పై అంతస్తులో వేళాపాళా లేకుండా కుర్చీలు ఈడ్చే లెక్కల మాస్టారికి నాలుగు రబ్బరు తొడుగులు. కొని సొరుగులో ఉంచాను.

3. పడక కుర్చీ మా తమ్ముడికి. షరతు: అందులో కూర్చుని, నిద్రపోకుండా, తన భార్య గొంతులో నా పుస్తకం ఒక్క అధ్యాయమైనా వినాలి. ఊరంతా చెవులు రిక్కించి వింటుంటే ఈ మహానుభావుడికి మాత్రం తీరిక చిక్కలేదు.

4. నా బొంతలు ఏడూ ఆ తమ్ముడి భార్యకు, అంటే మా మరదలికి. ఇంతవరకు వచ్చిన నా పుస్తకాలన్నీ ఆడియోగా చదివింది ఆమే. బట్టల గదిలో, ఫ్యాను ఆపుకుని, చెమటలు కక్కుతూ చదువుతుంది. బయటి చప్పుడు రాకుండా గోడలకు ఇంకా బొంతలు కావాలి.

5. ఇది ఒప్పుకోలు. దీన్ని ఆమెకు చదివి వినిపించాలి. నాలుగో పుస్తకంలో, హాస్టల్లో మాయమైన అమ్మాయి గురించి అడిగితే కాపలాదారు “నాకేం తెలీదు తల్లీ” అంటాడు. నేను రాసినప్పుడు అతను నిజమే చెప్పాడు. మరదలు చదివినప్పుడు ‘తల్లీ’కి ముందు ఊపిరి తడబడింది. గరిట పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ముప్పైసార్లు విన్నాను. వాడు అబద్ధమాడుతున్నాడు! నేను పుట్టించిన మనిషి నా దగ్గరే దాచిన సంగతి ఆమె గొంతుకు దొరికింది. సగమైన ఐదో పుస్తకం చింపేసి, వాణ్ణే దోషిని చేసి మళ్లీ రాశాను.

నాలుగోదాంట్లోనే ఆచూకీ పెట్టానని, ఎంత ముందుచూపని అందరూ మెచ్చుకుంటే నోరు మూసుకుని పుచ్చుకున్నాను. ఆ ఐదో పుస్తకం ఆవిష్కరణ నాడు ఆమె మురిసిపోతూ, “వాడు అబద్ధమాడుతున్నాడని నాకు చదువుతుంటేనే తెలిసిపోయింది వదినా” అంది. “నీ పని చదవడం వరకే, రాయడం నాది” అన్నాను, నలుగురిలో. ఆరేళ్లుగా మా మధ్య మాటల్లేవు. ముందే మాటిచ్చినందుకు ఆరో పుస్తకం చదివింది, ఏడోది చదవనంది. ఆ ఆరోది వింటే ఇప్పటికీ ఒళ్లు గగుర్పొడుస్తుంది. అంత మాటన్న నా వాక్యాలకు అంత ప్రాణం ఎలా పోసిందో నాకు అంతుపట్టదు.

6. ఇది ఆమెకు ముందుగా చెప్పకూడదు. ఏడో పుస్తకానికి ప్రచురణకర్త వేరే గొంతు వెతుకుతున్నాడు. వీల్లేదు. చదివితే ఆమే చదవాలి. చివరి అధ్యాయాన్ని ఆమె ముందుగా చూడదు, మైకు ముందే మొదటిసారి చదువుతుంది. అందుకే అది సీలు వేసిన కవరులో ఉంది. ఇన్నాళ్లూ తప్పించుకు తిరిగిన కాపలాదారు అందులో దొరికిపోతాడు, తాళాల పిల్ల “ఎందుకు చేశావ్?” అని అడుగుతుంది. ఆ తరువాతి పేజీ ఖాళీ. వాడు నాకు ఏనాడూ నిజం చెప్పలేదు, ఆమెకు చెబుతాడు. ఆమె ఏం పలికితే అదే అక్షరం పొల్లుపోకుండా అచ్చు వేయాలి. అట్ట మీద ఇద్దరి పేర్లూ ఉండాలి, ఆమెది ముందు.

ఆమె కాదంటే కవరు విప్పకుండా కాల్చేయండి. కథ ఆరుతో ఆగిపోతుంది. పిల్లలు నన్నే తిట్టుకోనీ.

తేదీ: ఈ నెల పద్దెనిమిది, మంగళవారం.

సంతకం: పుస్తకాల మీద పెట్టే పొడుగుది కాదు, బ్యాంకులో చెల్లే పొట్టిది.

సాక్షులు: కింది అంతస్తు డాక్టరమ్మ, మా పుస్తకాల సౌండు ఇంజనీరు.

సంతకం పెడుతూ ఇంజనీరు ఇప్పుడే చెప్పాడు, చేర్చమన్నాడు: ఆ ఊపిరి తడబాటు పొరపాటనుకుని కత్తిరించబోతే మరదలు ఆపిందట. “ఉండనీ, మా వదిన వింటుంది” అందట.