ముసలమ్మ ఎడమ వెనక చక్రం

జాతీయ రవాణా భద్రతా నియంత్రణ సంస్థలో ఫిర్యాదుల విభాగం చూసే అధికారి గారికి, బస్సుల షెడ్డులో బ్రేకు మెకానిక్కుగా పనిచేసేవాడు రాసుకుంటున్న నాలుగో అర్జీ.

విషయం: కొండ దారిలో తిరిగే తొమ్మిదో నంబరు బస్సు ఎడమ వెనక బ్రేకు డ్రమ్ము పగిలి ఉన్నందున సదరు బస్సును నిలుపుదల చేయించుట గురించి, మరియు మొదటి మూడు అర్జీల మీద తమరు వెలగబెట్టిన నిర్వాకం గురించి.

అయ్యా,

నా వయసు ఇరవై మూడు. చదువు ఏడో తరగతితో ఆగింది. అర్జీ రాయడం నాకెవరూ నేర్పలేదు, మీరు తిప్పి పంపిన కాగితాలు చదివి నేర్చుకున్నాను. మీ సంస్థ అచ్చువేసిన భద్రతా నిబంధనల పుస్తకం మా షెడ్డు ఆఫీసులో బల్ల కోడు కింద ఎత్తు కోసం పెట్టి ఉండేది. అక్కడ ఒక చెక్కముక్క దోపి, పుస్తకం బయటికి లాగి, రెండొందల పన్నెండు పేజీలూ చదివాను. మీలో ఎంతమంది చదివారో తెలియదు గాని, మీ జవాబులు చూస్తే మీరు కూడా దాన్ని బల్ల ఊగకుండా ఉండడానికే అచ్చువేయించినట్టుంది.

తొమ్మిదో నంబరు బస్సును మేం ముసలమ్మ అంటాం. రోజూ పొద్దున్నే కొండ మీది కాలనీ నుంచి కింద బట్టల మిల్లుకు నలభై ఆరు మందిని దించుతుంది. నడిపేది మా బావ. ఆయన వెనక సీట్లో కూర్చుని అదే మిల్లుకు పనికి వెళ్లేది మా అక్క. మీరు కుర్చీ దిగరు కాబట్టి విడమరిచి చెబుతున్నాను. బ్రేకు డ్రమ్ము అంటే చక్రంతో పాటు తిరిగే పెద్ద ఇనుప గిన్నె. బ్రేకు తొక్కినప్పుడు లైనింగు అనే రాపిడి పట్టీ దాన్ని లోపలి నుంచి ఒత్తితే బస్సు ఆగుతుంది. గిన్నె విచ్చిపోతే ఆగదు. ముసలమ్మ డ్రమ్ములో పగులు అంచు నుంచి బోల్టు రంధ్రం దాకా జానెడు ఉంది. లోపలి నుంచి బయటికి పారింది. గోరు దిగుతుంది.

నా ఫిర్యాదులు ఈ క్రింది విధముగా ఉన్నవి.

1. మొదటి అర్జీ తెల్లకాగితం మీద రాశానని, పద్నాలుగో నమూనాలో లేదని తిప్పి పంపారు. ఆ నమూనా ఎక్కడ దొరుకుతుందని మీ కౌంటరు గుమాస్తాను అడిగాను. "అర్జీ పెట్టుకో, ఇస్తాం" అన్నాడు. "ఆ అర్జీ ఏ నమూనాలో పెట్టాలండీ?" అన్నాను. ఆయన కళ్లజోడు పైనుంచి చూసి, "ఇలా మాట్లాడితే పనులు కావు తమ్ముడూ" అన్నాడు. మాట్లాడకపోయినా కాలేదని మనవి.

2. రెండో అర్జీని "తగు చర్య నిమిత్తం" మా ఓనరుకు పంపారు. ఫిర్యాదు ఎవరి మీదో ఆయనకే. ఆయన షెడ్డు మధ్యలో నిలబడి అందరికీ చదివి వినిపించాడు. "చేతిరాత బాగుందిరా. రేపటినుంచి బస్సుల మీద ఊళ్ల పేర్లు నువ్వే రాయి" అన్నాడు. అందరూ నవ్వారు. పని పోతుందని నేనూ నవ్వాను. ఆ నవ్వు నవ్వించింది మీ సంస్థేనని రికార్డులో రాసుకోండి.

3. ఆ తరువాత మీ తనిఖీ అధికారి వచ్చాడు. ఫలానా రోజు వస్తున్నానని వారం ముందే ఉత్తరం రాసి మరీ వచ్చాడు. మీ ఉత్తరం రాగానే మా మేస్త్రీ నల్లరంగు డబ్బా మూత తీస్తాడు. దాన్ని మా షెడ్డులో తనిఖీ రంగు అంటారు. తుప్పుకు, చమురు కారేచోటికి, పగులుకు అన్నిటికీ అదే మందు. ఈసారి బస్సులు ఎక్కువై పని ఆఖరిరోజుకు పడింది. మీవాడు చక్రం విప్పించాడు, అంతవరకు పుస్తకం ప్రకారమే. డ్రమ్ము మీద వేలు పెట్టాడు. వేలికి నల్లగా అంటుకుంది.

"ఇదేంటయ్యా, తడిగా ఉంది?"

"శుభ్రంగా ఉంచుతాం సార్" అన్నాడు మేస్త్రీ.

మీవాడు తుడుచుకోవడానికి గుడ్డ అడిగాడు. ఇచ్చాను. వేలు తుడుచుకుని, అదే వేలితో కలం పట్టి "సంతృప్తికరం" అని రాశాడు. బ్రేకు పరీక్ష కూడా చేశాడు. ఖాళీ బస్సును, చదునైన ఆవరణలో, మనిషి నడిచే వేగంతో. ఆ వేగంలో బస్సును మా అక్క చెంగుతో ఆపగలదు.

ఆ పగులు మీద రంగు వేసింది నేనే. మేస్త్రీ కుంచె చేతికిచ్చాడు, వేశాను. ఒక పూతకు గీత కనబడుతోందని రెండో పూత కూడా వేశాను. ఈ మాట దాస్తే నా అర్జీకి, మీవాడి నివేదికకు తేడా ఉండదు.

4. గత నెల మూడో మలుపు దగ్గర ముసలమ్మ ఆగలేదు. రోడ్డు పనివాళ్లు అంచున పోసిన కంకర కుప్పలోకి దూరి నిలబడింది. కుప్పకు అవతల లోయ. ఇంటికొచ్చాక బావ చెప్పులు విడుస్తూ, "ఏం కాలేదులే. ముసలమ్మకు కాస్త చెవుడు, రెండుసార్లు తొక్కితే గాని వినదు" అన్నాడు.

"నీకూ అంతేగా" అంది అక్క. "దాన్ని ఆపడానికి కంకరైనా అడ్డం వచ్చింది. నిన్ను ఆపడానికి నేనొక్కదాన్నే."

ఇద్దరూ నవ్వారు.

ఈ సంగతి మూడో అర్జీగా రాశాను. "మరణము గాని, ఆసుపత్రిలో చేరిక గాని సంభవించనందున ఇది ప్రమాదము అను నిర్వచనం కిందికి రాదు. పైగా భౌతిక సాక్ష్యము జతపరచనందున తిరస్కరించడమైనది" అని జవాబిచ్చారు. కనీసం ఎంతమంది పోవాలో కూడా రాసి ఉంటే, మా అక్కను, బావను ముందు పెట్టుకుని, మిగతా సీట్లవాళ్లను అడిగి చూసేవాణ్ణి.

5. రోడ్డు పని పూర్తయింది. సోమవారం ఆ కంకర కుప్ప ఎత్తుకుపోయారు. ఆ దారిలో ఇంతవరకు పనిచేసిన భద్రతా సంస్థ అదొక్కటే.

కావున తమరు కోరిన భౌతిక సాక్ష్యము ఈ అర్జీతో జతపరచడమైనది.

నిన్న మిల్లుకు సెలవు, ముసలమ్మ షెడ్డులో ఉంది. నేను చక్రం బోల్టులు విప్పుతుంటే బావ వచ్చి వెనక నిలబడ్డాడు.

"ఏం చేస్తున్నావురా?"

"సాక్ష్యం తీస్తున్నాను."

"ఇద్దరి ఉద్యోగాలూ పోతాయి."

"పోయేవి ఉద్యోగాలేగా బావా."

బావ వంగి, "ఆ దుంగ ఇటు జరుపు, జాకీ జారేట్టుంది" అన్నాడు.

మీ పుస్తకంలో నూట నలభయ్యో పేజీ, అరవై ఒకటో నిబంధన. బల్ల కోడు గుంట ఆ పేజీ దాకా దిగింది గాని అక్షరాలు బాగానే ఉన్నాయి. "అర్జీతో వచ్చిన భౌతిక సాక్ష్యమును సంస్థ స్వీకరించి, రసీదు ఇచ్చి, పరీక్ష పూర్తి అగువరకు ఎవరికినీ తిరిగి ఇవ్వరాదు." ఎవరికినీ అంటే మా ఓనరుకు కూడా. ఆ రకం డ్రమ్ములు ఇప్పుడు తయారు కావడం లేదు, ఆయన దగ్గర ఇంకొకటి లేదు. ముసలమ్మ ఇరుసు కింద దుంగలు పెట్టించుకుని కూర్చుంది. కాలనీవాళ్లకు వేరే బస్సు వేయక ఆయనకు తప్పదు. దొంగతనం అంటాడేమో. అంటే పోయిన వస్తువు ఏ స్థితిలో ఉండేదో కాగితం మీద పెట్టాలి. పెట్టమనండి, ఆ కాగితం కోసమే నేను నాలుగు అర్జీలు రాశాను.

కాబట్టి నేను కోరేది రసీదు ఒక్కటే. పరీక్షకు తొందరేమీ లేదు. మీ పద్ధతిలో అయితే రెండేళ్లు పడుతుంది. మీ సంస్థలో నాకు నమ్మకం ఉన్నది మీ ఆలస్యం మీదే.

చిత్తగించవలెను అని ముగించాలట. చిత్తం దాకా అక్కర్లేదు, ఒకసారి వేలు పెట్టి చూడవలెను.

మూడు అర్జీల వరకు తమ విధేయుడు,
ముసలమ్మ బ్రేకు మెకానిక్కు

జతపరచినవి:
బ్రేకు డ్రమ్ము, ఒకటి. నలభై రెండు కిలోలు. రంగు గీకేశాను, పగులు కనబడుతుంది.
బనీను గుడ్డ, ఒకటి. తమ తనిఖీ అధికారి వేలి గుర్తుతో సహా.

తా.క. కౌంటరు దగ్గర కూర్చునే ఇది రాస్తున్నాను. కాగితాలు తప్ప ఇంకేవీ తీసుకోం అని మీ గుమాస్తా అంటున్నాడు. డ్రమ్ము ఆయన బల్ల మీద పెట్టాం. ఇప్పుడు ఆ బల్ల అసలు ఊగడం లేదు. బావ ఆయనకు అరవై ఒకటో నిబంధన వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివి వినిపిస్తున్నాడు. ఇది మూడోసారి. రసీదు ఇచ్చేదాకా ఇద్దరం ఈ బెంచీ మీదే ఉంటాం. వేరే బస్సు ఇంకా వేయలేదు, అక్క ఇవాళ కొండ దిగి మిల్లుకు నడిచి వెళ్లింది. చేరానని ఇప్పుడే ఫోను చేసింది. కాళ్లు లాగేస్తున్నాయని ఇద్దర్నీ తిట్టింది.