పిన్ని గొంతు సేవ్ చేసిన వారం

మార్చి 3, సోమవారం
పిన్ని రికార్డింగ్ మొదలైంది. వచ్చే వారం ఆపరేషన్, స్వరపేటిక తీసేస్తారు. ఆ తర్వాత టాబ్లెట్‌లో బటన్ నొక్కితే, ఇప్పుడు చెప్పి పెట్టుకున్న మాట తన గొంతుతోనే వినిపిస్తుంది. బస్‌స్టాండ్ మొత్తాన్ని మైకులో అదిలించిన గొంతు అది. నన్ను పెంచిన గొంతు. ఈ క్లినిక్‌లో కంప్యూటర్లు చూసేది నేనే కాబట్టి నాకు ధీమా.

మా సిస్టమ్ నత్తకు మేనత్త. ఒక్కో మాటా డిస్కులో నిజంగా పడ్డాకే సేవ్ అయిందంటుంది. అంతదాకా పిన్ని ఊరుకోదుగా. ప్రతిసారీ అయిందా, అయిందా అని అడుగుతుంది. అవీ రికార్డయిపోతున్నాయి. వాటిని కత్తిరించలేక సౌండ్ ఇంజినీరు తల పట్టుకున్నాడు.

మార్చి 4
మధ్యాహ్నానికే గొంతు బొంగురు. కాచుకుని కూర్చోవడం, అడగడం, మళ్లీ చెప్పడం. ఇలా అయితే సగం కూడా పూర్తికాదని డాక్టరమ్మ అంది. ఇంకాస్త స్పీడ్ చెయ్యలేవా అని ఇంజినీరు నన్ను అడిగాడు. ఎందుకు చెయ్యలేను? అన్నీ మెమరీలో ఉంచుకుని గంటకోసారి డిస్కులో రాయమంటే సరి. ఈలోగా మిషన్ ఆగిపోతే మాత్రం మెమరీలోవి గల్లంతే. కరెంటు పోతే యూపీఎస్ ఉందిగా అనుకున్నాను. మార్చేశాను.

మార్చి 5
పిన్ని గలగలా చెప్పుకుపోయింది. అయిందా అని అడగాల్సిన పనే లేదు. ఇంజినీరు నాకు టీ ఇప్పించాడు. నాకూ కొమ్ములొచ్చాయి.

మార్చి 6
ఇవాళ మా ఇంట్లోవాళ్ల వంతు. పేర్లు, ముద్దుపేర్లు, తిట్లు. ఇష్టమైనవన్నీ ఆఖరికి దాచుకుంది. అన్నీ చెప్పేసి కుర్చీలోంచి లేస్తుండగా స్క్రీన్ బిగుసుకుపోయింది. మౌస్ కదలదు, కీబోర్డ్ పలకదు. రీసెట్ నొక్కక తప్పలేదు.

ఈ గంటలో చెప్పినవాటి ఫైళ్ల పేర్లన్నీ ఉన్నాయి. ఒక్కోదాని పక్కన సైజు సున్నా.

కరెంటు పోనేలేదు. యూపీఎస్ పాపం పచ్చ లైటు వేసుకుని నిలబడే ఉంది.

మార్చి 7
పిన్నికి ఉన్నదున్నట్టు చెప్పాను. గుసగుసగా, సర్లేవే, నీ పాత పద్ధతే పెట్టు, నాలుగు ముక్కలైనా చెప్తాను అంది.

పొద్దుటినుంచి ఇదే ఆలోచన. స్పీడ్ అంటే నేను చేసిందేమిటి? పని కాకుండానే అయిందని చెప్పమన్నాను. అలాగని పాత పద్ధతిలోనే ఉంటే నిన్న చెప్పినవాటి దాకా పిన్ని గొంతు వచ్చేదే కాదు. ఏదో ఒకటి పోయేదే. గంటకి బదులు నిమిషానికోసారి రాయమని ఉంటే రెండూ దక్కేవి. ఆ బుద్ధి అప్పుడేమైందో.

మార్చి 8
సెట్టింగ్ పాతదే. పిన్ని మొట్టమొదట నా ముద్దుపేరే చెప్పబోయింది. గాలి వచ్చింది, మాట రాలేదు. మళ్లీ ప్రయత్నించింది. డాక్టరమ్మ ఇక చాలని మైకు తీసేసింది.

నన్ను ఆ పేరుతో పిలిచేది పిన్ని ఒక్కతే.

సోమవారం నాటి అయిందాలు ఇక చెరిపేస్తానన్నాడు ఇంజినీరు. వద్దన్నాను. ఒకటి బటన్‌గా పెట్టమన్నాను. అదెందుకన్నాడు. ఏమో, ఉండనీ అన్నాను.

మార్చి 19
పిన్ని చేతికి టాబ్లెట్ ఇచ్చారు. పక్కన కూర్చుని, తప్పంతా నాదే పిన్నీ అని మొదలుపెట్టాను. ఏడ్చాను. మళ్లీ మొదటికొచ్చి మళ్లీ ఏడ్చాను. పిన్ని కళ్లజోడు పెట్టుకుని, తీరిగ్గా వెతికి, ఒక బటన్ నొక్కింది.

అయిందా?