కంద పూసింది

అక్కకు,

నువ్వు కులాసాగా ఉన్నావని తలుస్తాను. దేశం దాటి వచ్చేటప్పుడు అమ్మ తన చీరల మడతల్లో దాచి తెచ్చిన కంద, మొన్న పూసింది. పువ్వనగానే మురిసిపోకు. పచ్చి పుండు రంగు, నడుమ ముడతలు పడ్డ ముద్ద, దాని మీద ముసిరిన ఈగలు. కుళ్ళిన మాంసం కంపు వంటింటి దాకా వస్తోంది. పక్కింటి పెద్దావిడ గోడ మీదుగా తొంగిచూసి, "ఏమ్మా, దొడ్లో పిల్లి గానీ చచ్చిందా?" అంది.

"లేదండీ, మా అమ్మగారి మొక్క."

"అయ్యో, నేనేమీ అనలేదు తల్లీ," అంటూ ముక్కు మూసుకుని లోపలికి పోయింది.

మొక్కల తెగుళ్లు పరీక్షించడం నా ఉద్యోగం. కుళ్ళిన వేళ్లను రోజంతా చేత్తో పట్టుకుంటాను. ఈ వాసనకు మాత్రం వాంతి చేసుకున్నాను. కారణం నీకు ఇన్నాళ్లూ చెప్పలేదు. అమ్మ ఆఖరి నెలల్లో ఆ గది ఇలాగే ఉండేది. వీపు మీది పుండ్లు కడిగి, దుప్పట్లు మార్చి, నువ్వు వచ్చే ముందు కిటికీలు తెరిచి అత్తరు చల్లేదాన్ని. నువ్వు అత్తరు వాసన చూసి వెళ్లావు. వెళుతూ వెళుతూ, దొడ్లోని కందను చూపి, "అమ్మ చేత్తో పాతింది, దాని మీద పలుగు పడనివ్వకు," అని ఒట్టు వేయించుకున్నావు. ఏళ్ల తరబడి కాపలా కాశాను. ఇక నావల్ల కాదు. ఆదివారం తవ్వి చెత్తబండిలో వేస్తున్నాను. కోప్పడితే కోప్పడు.

నీ చెల్లెలు

అక్కా,

ఫోనులో నువ్వు తిట్టినవన్నీ చెవిలో మోగుతుండగానే తవ్వాను. దుంప బిందె అంత ఉంది, చుట్టూ పిల్లదుంపలు. బండి కోసం చూస్తూ కూర్చుంటే తట్టింది: అమ్మ ఏనాడైనా కందను ఏడాదికి మించి మట్టిలో ఉంచిందా? మకాం మార్చిన ప్రతి చోటా ఏటేటా తవ్వి, కోసి, ముక్కలు చేతికిచ్చే కదా వీధివాళ్లతో మాట కలిపేది. మొలకున్న ముక్కను మాత్రం తిరిగి పాతేది. అందుకే మనం ఆ పువ్వును ఎరగం. తవ్వకుండా వదిలేస్తేనే అది పూస్తుంది. నేను చదువుకున్న సంగతే, అమ్మ మొక్క కాబట్టి తోచలేదు. దాన్ని సమాధిలా చూసుకున్నాం. కంపు కొట్టక ఏం చేస్తుంది?

బండిని పొమ్మన్నాను. దుంప కోసి వీధిలో పంచాను. దాని మీద ప్రేమ పుట్టిందని అబద్ధం చెప్పను, గోళ్లలో కంపు ఇంకా పోలేదు. పక్కింటావిడ తన వాటా రెండు వేళ్లతో పట్టుకుని, "వండితే కూడా ఇలాగే ఉంటుందా?" అని అడిగింది.

నీకొక పిల్లదుంప పంపుతున్నాను. మొలక పైకి ఉండేలా పాతు. ఏడాది తిరగ్గానే నువ్వే తవ్వి, నువ్వే కోయి. చేతులు దురద పెడతాయి, ఈసారి నీవి పెట్టనీ. దానికి అత్తరు పనిచేయదు, చింతపండు రాసుకో.

నీ చెల్లెలు