స్నానాల పట్టిక

అక్కకి,

తమ్ముడి నమస్కారాలు. నేను క్షేమంగా చేరాను. ఇక్కడ కొండ లోపల సొరంగం తవ్వుతున్నారు. అందులో దీపాలు ఆరిపోకుండా చూసుకోవడం నా పని. ఫోను పలకదు. సరుకుల జీపు వారానికోసారి ఉత్తరాలు తెస్తుంది, తీసుకెళ్తుంది. కాబట్టి నువ్వు నన్ను తిట్టాలనుకున్నా వారం ఆగాలి.

నా కుక్క బూజుని మూడు నెలలు ఉంచుకుంటానన్నావు. ఆ మేలు మరచిపోను. కానీ ఇంట్లో కుక్క వాసన వస్తే ఆ రోజే షెల్టరుకి పంపించేస్తానని కూడా అన్నావు. నువ్వు మాట మీద నిలబడే మనిషివి, నా భయమంతా అదే. గది ఖాళీ చేసి వచ్చేశాను. దానికిప్పుడు నీ వరండా తప్ప దిక్కు లేదు.

కొన్ని జాగ్రత్తలు రాస్తున్నాను. స్నానం నెలకోసారి చాలు. గోరువెచ్చని నీళ్ళు, దాని షాంపూ వాడు, మన సబ్బు వద్దు. చెవుల్లోకి నీళ్ళు పోకుండా దూది పెట్టు. అంత బొచ్చు ఉన్నా రోజూ దువ్వితే శుభ్రంగానే ఉంటుంది. చెవుల వెనక చిక్కులు పడితే కత్తెర తియ్యకు, వేళ్ళతో విడదియ్యి. నడుస్తుంటే గోళ్ళు టకటకలాడాయంటే కత్తిరించే వేళయిందని అర్థం. ముప్పై ఏళ్ళుగా ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఉడకబెడుతున్నదానివి. ఇది దుప్పటి కాదని ఒక్కటి గుర్తుపెట్టుకో.

బావగారిని అడిగానని చెప్పు.

నీ తమ్ముడు

తా.క.: ఇక్కడ నీళ్ళ ట్యాంకరు ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. స్నానం విషయంలో నాదీ ఇంచుమించు బూజు లెక్కే.

*

చిరంజీవి తమ్ముడికి,

అక్క దీవించి రాసేది. ఇక్కడ నేనూ మీ బావా క్షేమం. మూడోదాని సంగతి కింద రాస్తున్నాను.

నెలకోసారి అని చదివి, నా కళ్ళ మీద నమ్మకం లేక మీ బావ చేత కూడా చదివించాను. ఆయనకీ అలాగే కనబడిందట. మా లాండ్రీలో కిటికీ తెరలే వారానికోసారి ఉతుకుతాం, ఇది తిరిగే ప్రాణి. అందుకని వంటింటి గోడకి ఒక పట్టిక రాసి అంటించాను. సోమ, బుధ, శుక్రవారాలు స్నానం. మంగళ, గురు, శనివారాలు తడిగుడ్డతో తుడవడం. ఆదివారం దానికి సెలవు. మీ బావకి లేదు, ఆయన బాత్రూం గోడలు కడగాలి.

మొదటి స్నానం అయింది. కుక్కని పట్టుకోమంటే మీ బావ తువ్వాలు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు. అది ఒక్కసారి ఒళ్ళు విదిలించింది. దాంతో గోడలూ, క్యాలెండరూ, మీ బావ కళ్ళజోడూ అన్నీ స్నానం చేశాయి. నాకు తల ప్రాణం తోకకొచ్చింది. అయినా సబ్బు సరిగ్గా పోవాలని మళ్ళీ రెండు బకెట్లు పోశాను.

ఇంకో మాట. దాని పేరు నేను పలకను. వారం వారం మూలమూలలా బూజు దులిపేదాన్ని, వీధిలో నిలబడి ఆ పేరు పెట్టి పిలిస్తే ఇరుగుపొరుగు ఏమనుకుంటారు?

నీ అక్క

తా.క.: గోధుమరంగు కుక్క అని చెప్పి ఇచ్చావు. మూడో బకెట్టుకి తెల్లకుక్క బయటపడింది. ఇన్నాళ్ళూ ఎవరిని పెంచావో నీకే తెలియాలి.

*

అక్కకి,

నమస్కారాలు. నీ ఉత్తరం చదివి నా గుండెల్లో రాయి పడింది. నా పక్క మంచం మీద ఉండే క్రేను ఆపరేటరు ఇప్పటికి ఐదు కుక్కల్ని పెంచిన మనిషి. నీ పట్టిక సంగతి చెబితే తింటున్నవాడు చెయ్యి ఆపేశాడు. కుక్క ఒంటి మీద సన్నటి నూనెపొర ఉంటుందట, దానికి అదే రక్ష. ఇన్నేసి స్నానాలు చేయిస్తే అది పోయి, చర్మం పొట్టు లేచి, గోక్కుని గోక్కుని పుండ్లు చేసుకుంటుందట. సబ్బు పెట్టావని చెప్పడానికి నాకు ధైర్యం చాలలేదు.

ఆయన ఇంకో మాట కూడా అన్నాడు. అప్పట్నుంచీ నాకు పని మీద ధ్యాస లేదు. కుక్క మనిషిని ముక్కుతో గుర్తుపెట్టుకుంటుందట. నా వాసన ఉన్నవన్నీ నువ్వు ఉడకబెట్టేస్తే, మూడు నెలలయ్యాక నేనెవరో దానికి తెలియదు. దాని మూటలో నా పాత నీలం చొక్కా ఉంది. ఉతక్కుండా దాని పక్కలో వెయ్యి. నవ్వకు అక్కా. పనినుంచి వస్తే నాకోసం తలుపు దగ్గర కూర్చునేది అదొక్కటే. అదీ నన్ను మరచిపోతే ఇక నేను ఎవరింటికి పోవాలి?

పట్టిక చింపెయ్యి. నీ కాళ్ళు పట్టుకుంటాను.

నీ తమ్ముడు

తా.క.: రంగు మారిన సంగతి క్రేను ఆపరేటరుకి చెప్పలేదు. నాకూ కాస్త పరువుంది.

*

చిరంజీవి తమ్ముడికి,

అక్క దీవెనలు. పొడుగ్గా రాసే ఓపిక లేదు.

నువ్వు భయపడినట్టే అయింది. నీ ఉత్తరం వచ్చేసరికే గోక్కోవడం మొదలుపెట్టింది. తర్వాత తిండి మానేసింది. గురువారం పశువుల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాం. ఆవిడ చూసి, చెప్పాల్సింది చెప్పింది. తప్పంతా నాదే. నేను నోరు మెదపలేదు.

వరండాలో మూల ఖాళీ అయింది. గొలుసూ గిన్నే కడిగి అటక మీద పెట్టేశాను. పట్టికలో దాని పేరు కొట్టేశాను. మీ బావ రెండు రోజులు సరిగా భోజనం చెయ్యలేదు. ఇప్పుడు కాస్త సర్దుకున్నారు.

మిగతాది నువ్వొచ్చాక చెబుతాను. ఉత్తరంలో రాసే సంగతి కాదు.

నీ అక్క

తా.క.: నీలం చొక్కా పారెయ్యలేదు. ఉంచాను.

*

అక్కా,

నమస్కారాలు. నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నాలుగోసారి క్రేను ఆపరేటరు చదివాడు. నెత్తిమీద హెల్మెట్ తీసి పక్కన పెట్టాడు.

నిన్ను ఒక్క మాట అనను. నీకు తెలిసినట్టు ప్రేమగానే చూసుకున్నావు, నీకు తెలిసింది సబ్బూ వేడినీళ్ళూ. నెలకోసారి అన్న మాట కింద నేను రెండు గీతలు గీసి ఉండాల్సింది. బావగారిని ధైర్యంగా ఉండమను. ఆయన తిండి మానేశారని చదివి నాకు దుఃఖం ఆగలేదు. కుక్కంటే ఆయనకి అంత ప్రేమ ఉందని అనుకోలేదు.

దాన్ని ఎక్కడ పెట్టారో రాయలేదు. పెరట్లోనే అయితే ఆ చోట తొక్కనివ్వకండి. సొరంగంలో పనివాళ్ళంతా కలిసి ఒక నల్లరాయిని చదును చేశారు. వెల్డరు దాని మీద పేరు చెక్కాడు. పేరు అడిగినప్పుడు చెప్పాను, ఒక్కడూ నవ్వలేదు. నాకు నాలుగు రోజులు సెలవిచ్చారు. వచ్చే వారం జీపులో బయల్దేరతాను. ఇక్కడ పని అయ్యాక ఎక్కడ ఉండాలో తోచడం లేదు. గది వెతుక్కోవాలనీ లేదు.

నీ తమ్ముడు

తా.క.: రాయిని జీపులోకి క్రేనుతో ఎక్కిస్తామన్నారు. దించేటప్పుడు బావగారిని తువ్వాలుతో కాదు, చేతులతో సాయం పట్టమను.

*

ఒరేయ్ తమ్ముడూ,

దీవెనలు తర్వాత. ముందు ఊపిరి పీల్చుకో. అది బతికే ఉంది. నేనీ ఉత్తరం రాస్తుంటే నా కాళ్ళ మీద పడుకుని గురక పెడుతోంది. కాళ్ళు తిమ్మిరెక్కాయి, అయినా కదపడం లేదు.

నేను రాసింది అలా చదువుకుంటావని కలలో కూడా అనుకోలేదు. జరిగింది ఇది. డాక్టరమ్మ దాని ఒళ్ళు చూసి, నా చేతులు చూసి, "అమ్మా, మీరు దుప్పట్లు ఉతుక్కోండి. దీని జోలికి నెలరోజులు పోకండి" అంది. శుభ్రం ఎక్కువైందని నన్ను తిట్టిన మనిషి ఇంతవరకు పుట్టలేదు. నేను నోరు మెదపనిది అందుకే. పూతమందు ఇచ్చింది, దురద తగ్గిపోయింది.

తిండి మాత్రం ముట్టలేదు. మూడోరోజు పొద్దున, నువ్వు రాసింది గుర్తొచ్చి, ఆ నీలం చొక్కా తెచ్చి దాని ముందు వేశాను. మూతి చొక్కా చేతిలోకి దూర్చి సాయంత్రం దాకా పడుకుంది. లేచి తిన్నది. ఆ చొక్కాకి గ్రీజు, చెమట, ఇంకేవేవో వాసనలు ఉన్నాయి. నా జన్మలో నేను ఉతక్కుండా దాచిన గుడ్డ అదొక్కటే.

మూల ఖాళీ అయింది అంటే అది ఇంట్లోకి వచ్చేసిందనిరా. గొలుసుతో పని లేదు, ఎక్కడికీ పోదు. గిన్నె నచ్చలేదు, మీ బావ కంచంలోనే తింటానని కూర్చుంది. ఆయన భోజనం చెయ్యనిది అలిగి. కొత్త కంచం కొనిచ్చాక సర్దుకున్నారు. ఉత్తరంలో రాసే సంగతి కాదన్నాను చూడు, అది ఇప్పుడు నా మంచం మీద, నా దుప్పట్లో పడుకుంటోంది. ఇంత సంగతి నా చేత్తో కాగితం మీద పెడితే, అది ఎవరి కంటైనా పడితే, లాండ్రీలో రేపట్నుంచి నా మాట ఎవరు వింటారు? ఈ ఉత్తరం చదివి చింపెయ్యి.

నువ్వంతగా ఏడ్చావని చదివి వెంటనే ఈ ఉత్తరం రాయడానికి కూర్చున్నాను. ఎవరింటికి పోవాలి అని రాశావు. అక్క బతికుండగా నువ్వు రాయాల్సిన మాటేనా అది? కుట్టుమిషను గది ఖాళీ చేయించాను. సెలవుకి ఇక్కడికే రా, పని అయ్యాక కూడా ఇక్కడికే రా. బూజుని నేను ఇవ్వను, నిన్ను ఒంటరిగా ఉండనివ్వను.

నీ అక్క

తా.క.: రాయి పారెయ్యకు, తీసుకురా. పెరట్లో కొళాయి కింద వేయిద్దాం. పేరున్న వైపు కిందకి ఉండాలి. దాని మీద నిలబడి స్నానం చెయ్యడానికి బాగుంటుంది, అది కాదు, నువ్వు. పట్టికలో దాని పేరు కొట్టేసిన చోట నీ పేరు రాశాను. దానికి నెలకోసారి, నీకు రోజూ.