మూడు రోజుల బడి

భివండి

అన్నకు, వదినకు విజయ దండం పెట్టి రాస్తున్నది.

ఇక్కడ మేము ముగ్గురం బాగానే ఉన్నాము. బాపు మోకాళ్ల నొప్పి ఎలా ఉంది? అమ్మకు కోరుట్లలో కళ్లు చూపిస్తానన్నావు, చూపించావా? మా గురించి రంది పెట్టుకోకండి. బట్టలు నేసే సాంచాల చప్పుడుకు ఆయనకు చెవులు సరిగా వినపడటం లేదు, అంతే. వాన నెల రోజులుగా విడవడం లేదు. ఉతికిన బట్టలు ఆరవు, బీడీల ఆకు బూజు పడుతోంది. వదిన పంపిన మామిడి తొక్కు అయిపోయింది. అది ఉన్నన్ని రోజులు అన్నం నోట్లోకి పోయింది. మేము బాగానే ఉన్నాము.

నీ ఉత్తరం అందింది. మన ఊరి బడిలో ఇద్దరు సార్లలో ఒకరిని వేరే ఊరికి మార్చారని, ఉన్న ఒక్క సారు రెండు ఊళ్లు తిరగాలి కాబట్టి బడిని వారానికి మూడు రోజులే పెడదామని మీటింగు పెడుతున్నారని రాశావు. మా దగ్గర అలాగే జరిగింది కదా, మంచిదా చెడ్డదా అని అడిగావు. ఎస్టీడీ బూత్‌లో వెనక మనుషులు నిలబడి ఉంటారు, ఇవన్నీ చెప్పలేను. అందుకే రాస్తున్నాను.

మా పిల్ల సౌజన్య చదివిన తెలుగు బడి మా గల్లీ చివరనే ఉండేది. పోయిన దసరాకు పెద్ద సారు రిటైరయ్యారు. ఆయన చోటికి ఎవరూ రాలేదు. మిగిలిన చిన్న సారుది మన కోరుట్ల వైపే. ఆయన మమ్మల్నందరినీ పిలిచి, పక్క బస్తీ బడి కూడా తనకే అప్పగించారని చెప్పారు.

"పెద్ద రోడ్డు అవుతల బడికి తోలితే ఆరు దినాలు సదువుకుంటరు. ఈడనే ఉంటమంటె నేను మూడు దినాలే చెప్పగలుగుత. మీరే చెప్పుండ్రి" అన్నారు.

ముందు చేయి ఎత్తింది నేనే అన్నా.

"మూడు దినాలు చాలు సార్. లారీల రోడ్డు దాటిచ్చి పోరిని తోలలేను" అన్నాను.

"మిగిలిన దినాలు పోరి ఏం జేస్తదమ్మా?"

"ఇంట్ల సదువుకుంటది సార్."

నన్ను చూసి తక్కిన ఆడవాళ్లు కూడా చేతులెత్తారు. రోడ్డు భయం అబద్ధం కాదు. కానీ బీడీల పనికి నాకు ఇంకో రెండు చేతులు కావాలి. అదీ అబద్ధం కాదు.

మంచి ఏమీ జరగలేదని రాస్తే తప్పవుతుంది. మొదటి రెండు నెలలు బాగుంది. సారు ఆ మూడు రోజులు గుక్క తిప్పుకోకుండా చెప్పేవారు. బడి లేని రోజు సౌజన్య నా పక్కన కూర్చుని, నేను చుట్టిన బీడీల మూతులు ముడుస్తూ సారు చెప్పిన కథలు నాకు చెప్పేది. ఇంత దూరం వచ్చాక నాతో మాట్లాడే మనిషి దొరికినట్టయింది. మధ్యాహ్నం కాసేపు నడుము వాల్చేదాన్ని. ఆయన డ్యూటీ దిగి వచ్చేసరికి వేడి అన్నం ఉండేది.

తర్వాత కథలు చెప్పడం తగ్గింది. బేస్తవారం నుంచి ఆదివారం దాకా పుస్తకం తెరిచేది కాదు. నేను తెరవమనలేదు కూడా. సోమవారం సారు మళ్లీ పోయిన వారం పాఠమే మొదలుపెట్టాల్సి వచ్చేది. బడిలో పెట్టే మధ్యాహ్నం అన్నం మూడు పూటలకే వచ్చింది. మిగిలిన రోజులు పిల్ల పొద్దటి చల్లన్నమే తినేది. తంబాకు ఘాటుకు దగ్గు పట్టుకుంది.

ఒక మంగళవారం కార్ఖానాకు బీడీలు అప్పజెప్పే పని ఉండి, ఈ ఒక్క రోజు ఇంట్లో ఉండమన్నాను. మూడు రోజుల బడికి ఒక రోజు పోకపోతే ఏమవుతుందిలే అనుకున్నాను. గల్లీలో అందరమూ అలాగే అనుకున్నాము. చివరికి అధికారులు వచ్చి హాజరు పుస్తకం చూసి, పిల్లలే లేరని బడి మూసేశారు. తాళం వేసిన రోజు సారు మా ఇంటి ముందు నుంచే పోయారు. నేను బయటికి రాలేదు.

ఇక తప్పక పెద్ద రోడ్డు అవతలి తెలుగు బడిలోనే వేశాము. అక్కడి మేడమ్ చదవమంటే సౌజన్య ఒత్తుల దగ్గర ఆగిపోయింది. ఆరో తరగతి పిల్లను నాలుగులో కూర్చోబెట్టారు. సోమ, మంగళ, బుధ పోయింది. బేస్తవారం పొద్దున నేను అన్నం డబ్బా కడుతుంటే, బీడీల చాట ముందర పెట్టుకుని కూర్చుంది.

"లేవే, బడికి యాల్లయితుంది" అన్నాను.

"మూడు దినాలు అయినయి గదమ్మా" అంది.

మొండికేసి అనలేదు. నాకు గుర్తు చేస్తున్నట్టు అంది. ఆయన కోప్పడ్డారు, నేను బతిమాలాను. శుక్రవారం పోలేదు. ఆ పై సోమవారమూ పోలేదు. నెల దాటింది.

నీ దగ్గరికి పంపి మన ఊరి బడిలో వేద్దామని అనుకుంటుండగానే నీ ఉత్తరం వచ్చింది. అదీ మూడు రోజులదైతే ఈ పిల్లను ఎక్కడికి పంపాలో నాకు తెలియదు. మీటింగులో వద్దని చెప్పు అన్నా. నలుగురూ కలిసి కోరుట్ల బడుల ఆఫీసుకు పోయి రెండో సారును ఇమ్మని అడగండి. వింటారని నాకు నమ్మకం లేదు. అయినా పోండి.

వచ్చే నెల మా పక్కింటి లక్ష్మక్క కోరుట్ల వస్తోంది. సౌజన్యను ఆమెతో పంపుతాను, కాదనకు. బాపుకు, అమ్మకు మా దండాలు. వాళ్ల దీవెన మాకు ఇప్పుడే ఎక్కువ కావాలి. పిల్లలిద్దరినీ అడిగానని చెప్పు.

వదినా, ఈ నాలుగు మాటలు నీకు. పంపుతానని చెప్పినప్పుడు సౌజన్య, "మామోళ్లింట్ల ఉట్టిగ కూసోని తింటే అత్తమ్మ ఏమనదా?" అని అడిగింది. వచ్చాక అంట్లు తోముతానంటుంది, వాకిలి ఊడుస్తానంటుంది. చేయనీయకు. కొన్నాళ్లు దాన్ని ఉత్తగా కూర్చోబెట్టి అన్నం పెట్టు.

మీ చెల్లె
విజయ