కడగని సిరారాయి

పెదనాన్నగారికి,

సిరా నూరే రాయిని కడగలేదని ఆరేళ్ల కిందట నన్ను మీ చిత్రశాల నుంచి గెంటేశారు. "నిలవ సిరాతో కొండలు గీస్తావా? పాచిమొహంతో పెళ్లికి కూడా వెళ్లు!" అన్నారు.

నిన్న హాంగ్‌చౌ నగర చిత్రప్రదర్శనలో ఆ నిలవ సిరా కొండలకే మొదటి బహుమతి వచ్చింది. కంపుకొట్టే ఆ సిరా కాగితం మీద రేణువులుగా పేరుకుని, అంచుల్లో వాన తడిలా నిలిచింది. "ఎవరి దగ్గర నేర్చుకున్నావమ్మా?" అని పెద్దలు అడిగితే మీ పేరే చెప్పాను.

అబద్ధమేం కాదు. పెళ్లికి ముందు మీరు పెద్దమ్మకి గీసిచ్చిన కొండల బొమ్మని ఆవిడ మొన్న నాకు చూపించింది. అంచులనిండా అవే రేణువులు! అది గీసిన రోజు మీరు రాయి ఎందుకు కడగలేదని ఆవిడని అడిగాను.

"పొద్దస్తమానం నా వెనకాలే తిరుగుతుంటే రాయెవరు కడుగుతారే!" అంది.

గెంటినా పోని మీ శిష్యురాలు